మాట రాకపోతే తప్పు తెలుగుదా?

“ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్.. అందుకే బాబుకి మాటలు రాలేదు” అని ఆటిజం ఉన్న పిల్లల తల్లులతో మన పాట్‌లక్‌లలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రెండు భాషల వల్ల ఆటిజం రాదు. తెలుగు మానేయనక్కర్లేదు. దాని మూలాలు చాలావరకు జన్యువుల్లో ఉన్నాయి, అవీ ఒకటీ రెండూ కాదు.

మెదడులో రెండు న్యూరాన్లు కలిసే చోటు సైనాప్స్. అక్కడ న్యూరెక్సిన్, న్యూరోలిజిన్ అనే ప్రొటీన్లు చెరోవైపు నుంచి చేతులు కలుపుతాయి. 1992లో డల్లాస్‌లో థామస్ సుదోఫ్ బృందానికి న్యూరెక్సిన్ దొరికింది. వాళ్లు వెతుకుతున్నది మాత్రం బ్లాక్ విడో సాలీడు విషం దేనికి అతుక్కుంటుందోనని! 2003లో స్వీడన్‌కు చెందిన రెండు కుటుంబాల్లో, ఆటిజం ఉన్న అన్నదమ్ములకు న్యూరోలిజిన్ జన్యువుల్లో మార్పులు కనిపించాయి. అలాంటివి అరుదే. ఎలుకల్లో మూడు న్యూరోలిజిన్లు తీసేసినా సైనాప్సులు ఏర్పడ్డాయి, సంకేతాలే సరిగా సాగలేదు. మా భాషలో చెప్పాలంటే, కేబుల్ పెట్టారు, డేటా రాలేదు.