గేమ్‌ల బజారు మళ్లీ కూలుతుందా, తాతయ్యా?

మళ్లీ కూలుతుందా అని అడుగుతున్నావు. మొదటిసారి ఎలా కూలిందో తెలిస్తే కదరా, రెండోసారి సంగతి తేల్చేది! ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి విను. మీ అక్కను కూడా పిలు. ఈ విషయం నీకంటే దానికే ఎక్కువ కావాలి. గేమ్‌లలో తప్పులు వెతికే ఉద్యోగంతోనే కదా అది ఈఎంఐ కడుతున్నది.

1977లో అమెరికాలో అటారీ అనే కంపెనీ ఒక పెట్టె అమ్మకానికి పెట్టింది. అటారీ 2600 అంటారు దాన్ని. టీవీకి తగిలించడం, క్యాసెట్ దూర్చడం, ఆడుకోవడం, అంతే. ఆ పెట్టె జ్ఞాపకశక్తి ఎంతో తెలుసా? 128 బైట్లు. కిలోబైట్లు కూడా కాదు, ఉత్త బైట్లు. నీ ఫోన్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, గుడికీ కొమ్ముకీ దీర్ఘానికీ విడిగా మూడేసి. ‘మదీనాగూడ’లో అక్షరాలు ఐదు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తం ఎనిమిది. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. అంటే ఆ పెట్టె మన ఊరి పేరును ఐదుసార్లు గుర్తుపెట్టుకునేసరికి నిండిపోతుంది, ఇంకో ఎనిమిది బైట్లు మిగులుతాయి. అంత ఇరుకులో బంతి ఎక్కడుందో, శత్రువు ఎక్కడున్నాడో, స్కోరు ఎంతో అన్నీ పెట్టుకుని ఆట నడిపించారు ఆ ప్రోగ్రామర్లు. వాళ్లకు దండం పెట్టాలి.

కంపెనీ మాత్రం దండం పెట్టలేదు. డబ్బాల మీద వాళ్ల పేరు కూడా వేయలేదు. ఒళ్లు మండి నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. అటారీ పెట్టెకు అటారీ కాని వాళ్లు క్యాసెట్లు చేయడం అదే మొదలు. అటారీ కోర్టుకెక్కింది, చివరికి రాజీ కుదిరింది. ఇంకేముంది, గేటు బార్లా తెరుచుకుంది. ఓట్స్ అమ్మే క్వేకర్ కంపెనీ కూడా గేమ్‌లలో దిగింది. కుక్కల తిండి అమ్మే కంపెనీ ఒకటి తన ప్రచారం కోసం ఏకంగా ఒక గేమే చేయించింది. నవ్వకు, నిజం!

ఇక ‘ఈ.టీ.’ కథ. 1982లో స్పీల్‌బర్గ్ సినిమా ఆడుతోంది, జనం వెర్రెత్తిపోతున్నారు. క్రిస్మస్‌కు గేమ్ రావాలి. హోవార్డ్ స్కాట్ వార్షా అనే కుర్రాడికి ఇచ్చిన గడువు ఐదు వారాలు. అతని అంతకుముందు గేమ్‌లకు నెలల తరబడి పట్టింది. లక్షల క్యాసెట్లు చేశారు, చాలా భాగం అమ్ముడుపోలేదు. మిగిలినవాటిలో కొన్నిటిని 1983లో న్యూమెక్సికోలోని అలమొగార్డో ఊరి చెత్తకుప్పలో లారీలతో పోసి పూడ్చేశారు. చాలాకాలం ఇది పుక్కిటి పురాణమనే అనుకున్నారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే బయటపడ్డాయి, డబ్బాలతో సహా.

అయితే ఆ ఒక్క గేమ్ వల్లే బజారు కూలిందని చెప్పేవాళ్లను నమ్మకు. ఒక చెడ్డ సరుకు బజారును కూల్చదు. చెడ్డదేదో మంచిదేదో కొనేవాడికి తెలియకపోతే కూలుతుంది. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో దీనిమీదే వ్యాసం రాశాడు, 2001లో నోబెల్ వచ్చింది. ఆయన పాత కార్లతో చెప్పాడు, నేను బంగినపల్లితో చెబుతా. సహజంగా మాగినదీ, కార్బైడ్ వేసి పసుపురంగు తెప్పించినదీ పైకి ఒకేలా ఉంటాయి. రెండుసార్లు పులుపు తిన్నాక నువ్వేం చేస్తావు? ఏ పండుకైనా సగం ధరే ఇస్తానంటావు. ఆ ధర కార్బైడ్ వాడికి గిట్టుతుంది, తోటలో మాగబెట్టే రైతుకు గిట్టదు. అతను బండి తిప్పుకుని పోతాడు. ఇక బజార్లో మిగిలేది పులుపే. ధర ఇంకా పడుతుంది.

క్యాసెట్లకూ అదే పట్టింది. డబ్బా మీద బొమ్మ బ్రహ్మాండం, లోపల ఏముందో ఇంటికెళ్లి పెట్టి చూస్తేగానీ తెలియదు. అమ్ముడుపోని సరుకును దుకాణాలు వెనక్కి పంపితే, తీసుకోవడానికి ఆ చిన్న కంపెనీల దగ్గర డబ్బు లేదు, కొన్నయితే అసలు కంపెనీలే లేవు. దుకాణదారులు బుట్టలో గుమ్మరించి అయిదు డాలర్లకు వదిలించుకున్నారు. పక్కన ముప్ఫై అయిదు డాలర్ల మంచి గేమ్ ఉంటే ఎవడు కొంటాడు? 1983లో 320 కోట్ల డాలర్లున్న అమెరికా ఇళ్ల గేమ్‌ల వ్యాపారం 1985కి సుమారు పది కోట్లకు దిగిపోయింది. వంద రూపాయలది మూడు రూపాయలయిందన్నమాట.

అమెరికాలోనే సుమా. జపాన్‌లో అదే 1983 జులైలో నింటెండో ఫ్యామికామ్ అనే పెట్టె తెచ్చింది, హాయిగా అమ్ముకుంది. ఆ పెట్టెకే మార్పులు చేసి 1985లో అమెరికాకు తీసుకెళ్లేటప్పుడు లోపల తాళం బిగించింది. అదెలా పనిచేస్తుందో విను, ఇది నాకు ఎంతో ఇష్టమైన ముక్క. పెట్టెలో ఒక చిన్న చిప్పు, ప్రతి క్యాసెట్లోనూ దాని జోడీ. స్విచ్ వేయగానే రెండూ ఒకే లెక్క చేయడం మొదలుపెడతాయి, ఒక్కో బిట్టే జవాబు పంచుకుంటాయి. జవాబులు కలిసినంతసేపూ ఆట నడుస్తుంది. తేడా వచ్చిందా, పెట్టెలోని చిప్పు అసలు ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. సెకనుకోసారి, మళ్లీ మళ్లీ. ముందున్న ఎర్రలైటు ఆరి వెలుగుతూ ఉంటుంది, తెరమీద బొమ్మ నిలవదు. తాళంచెవి నింటెండో ఒక్కదాని దగ్గరే ఉంది కాబట్టి ఎవరు గేమ్ చేసినా క్యాసెట్లు దానిచేతే చేయించుకోవాలి, అదీ ఏడాదికి అయిదు గేమ్‌లే. కార్బైడ్ పళ్లు బజారుకు రాకుండా చెక్‌పోస్టు పెట్టడమే ఇది. గుత్తాధిపత్యమా అంటే, గుత్తాధిపత్యమే. ఆ తాళం రహస్యం కోసం అటారీ గేమ్స్ వాళ్లు అమెరికా కాపీరైట్ ఆఫీసుకు వెళ్లి, లేని కోర్టు కేసు ఉందని చెప్పి ప్రోగ్రాం కాగితాలు తెచ్చుకున్నారు. 1992లో కోర్టు వాళ్లకు గట్టిగానే తలంటింది.

జపాన్‌లో అమ్మిన పెట్టెలో ఆ తాళం లేదు కదా? మన దగ్గర 90లలో కోఠి, ఆబిడ్స్ దుకాణాల్లో దొరికిన టీవీ గేమ్‌లు చాలావరకు ఆ తాళం లేని పెట్టెకు నకళ్లే. మీ నాన్నకూ ఒకటి కొన్నా. క్యాసెట్ మీద ‘9999 గేమ్‌లు’ అని ఉండేది. వాడు కిందికి నొక్కుకుంటూ పోతే మారియో, కాంట్రా, ట్యాంకులు, ఇంకో పది, మళ్లీ మారియో. రంగు మార్చిన మారియో. మోసమే, కానీ వాడు ఒక్క కాంట్రాతోనే రెండు వేసవులు గడిపేశాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకొద్దాం. 1983 అచ్చంగా అలాగే మళ్లీ రాదు. ఎందుకంటే ఇప్పుడు గోదాములు లేవు. డౌన్‌లోడ్‌కు చెత్తకుప్ప అక్కర్లేదు. పులుపు తెలుసుకునే దారులు కూడా బోలెడు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న గేమ్‌ను రెండు వారాల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే వెనక్కి ఇచ్చేయొచ్చు, 2015 నుంచీ ఉంది ఆ రూలు. ముక్క కోసి రుచి చూపించే బజారన్నమాట. యూట్యూబ్‌లో పదిమంది ముందే ఆడి చూపిస్తారు. 2024లో స్టీమ్‌లోకి వచ్చిన కొత్త గేమ్‌లు 18 వేలకు పైనే, అంటే రోజుకు యాభై. 1983 లెక్కన ఈపాటికి పదిసార్లు కూలాలి. కూలలేదు.

మరి ఇప్పటి జబ్బు ఎక్కడుందంటే, నీ రోజుకు ఇరవై నాలుగే గంటలున్నాయి, అక్కడ. జీటీఏ 5 వచ్చింది 2013లో, నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు. రోబ్లాక్స్ 2006. ఫోర్ట్‌నైట్ 2017. మీ ఫ్రెండ్సంతా ఆడేవి ఇవే. 2023లో ప్రపంచమంతటా పీసీ, కన్సోల్ మీద ఆడిన సమయంలో సగానికి పైగా ఆరేళ్లు, అంతకంటే పాత గేమ్‌లకే పోయింది. అవి ముగిసే ఆటలు కావు, వారం వారం కొత్త హంగులు తగిలిస్తూనే ఉంటారు. కొత్తగా వచ్చేవాడు నీ డబ్బు కోసం కాదు, నీ సాయంత్రం కోసం పోటీ పడాలి. అదేమో ఎప్పుడో ఎవడో ఆక్రమించేసుకున్నాడు.

ఇంకోపక్క పెద్ద గేమ్ ఖర్చు సినిమాలను మించిపోయింది. ‘స్పైడర్‌మ్యాన్ 2’ గేమ్‌కు దాదాపు 30 కోట్ల డాలర్లయిందని 2023లో బయటికి పొక్కిన కాగితాల్లో ఉంది. అంత పెట్టుబడితో పొరపాటు చేస్తే తట్టుకోవడం కష్టం. సోనీ వాళ్ల ‘కాంకర్డ్’ చూడు. 2024 ఆగస్టు 23న విడుదల, సెప్టెంబరు 6న సర్వర్లు బంద్. కొన్నవాళ్లందరికీ డబ్బు తిరిగిచ్చేశారు. అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు. ఈ.టీ. క్యాసెట్ ఇంకా మ్యూజియంలో ఉంది, కాంకర్డ్ అయితే ఆడదామన్నా లేదు.

కాబట్టి నా లెక్క ఇది. అప్పుడు కుప్ప పడింది సరుకు. ఇప్పుడు రోడ్డున పడేది మనుషులు. 2023లో ప్రపంచవ్యాప్తంగా గేమ్ కంపెనీల్లో పదివేల పైచిలుకు ఉద్యోగాలు పోయాయని లెక్కగట్టారు, 2024లో అంతకంటే ఎక్కువ. మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లు పోసి యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొన్నది 2023 అక్టోబరులో, 1,900 మందిని ఇంటికి పంపింది మరుసటి జనవరిలో. అమ్మకాల పట్టిక మాత్రం నిటారుగానే ఉంది! బయటినుంచి చూసేవాడికి ఏమీ కూలినట్టు కనిపించదు.

మనం రోజూ మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా మీదుగా పోతామా? ఆ ఆల్విన్ 1942లో పుట్టిన కంపెనీ. ఫ్రిజ్‌లు చేసింది, గడియారాలు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది. 90లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఫ్రిజ్‌లు కొనడం ఎవరైనా మానేశారా? ఇంకా ఎక్కువే కొన్నారు. బజారు కూలడం వేరు, అందులో పనిచేసేవాడి కొంప కూలడం వేరు. ఆల్విన్ ఉద్యోగికి ఫ్రిజ్‌ల మార్కెట్ బ్రహ్మాండంగా ఉందని చెబితే ఏం లాభం?

అమ్మలూ, నీకు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. సైబరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు పెద్ద ఆఫీసే ఉంది. 2025 సెప్టెంబరు 29న ఆ కంపెనీని సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధీ, ఇంకో ఇద్దరూ కలిసి 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నామని ప్రకటించారు. అందులో 2,000 కోట్లు అప్పు. అప్పు ఇచ్చినవాడికి గేమ్ బాగుందా లేదా అక్కర్లేదు, వడ్డీ తేదీకి పడాలి. అలాంటప్పుడు కొత్త ప్రయోగానికి ధైర్యం తగ్గుతుంది, ఏటేటా వచ్చే ఫుట్‌బాల్ గేమ్‌కే పనంతా పోతుంది. నీ కంపెనీ ఏదైనా సరే, దాని ఆదాయం ఎన్ని గేమ్‌ల నుంచి వస్తోందో కనుక్కో. జీతం ఎంతని నేను అడగను, అది అడుగుతా.

మన ఊళ్లో నిజంగా రాత్రికి రాత్రి కూలిన బజారు కూడా ఒకటుంది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ. ఏ23 అనేది హైదరాబాద్ కంపెనీదే. 2006లో ఏస్2త్రీ అని మొదలైంది. తమాషా ఏంటంటే 2017లోనే తెలంగాణ ఆ ఆటను నిషేధించింది, 2020లో ఆంధ్ర కూడా. అంటే హైదరాబాద్‌లో కూర్చుని, హైదరాబాదీలు ఆడకూడని ఆటను మిగతా దేశానికి అమ్మారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది, దేశమంతా డబ్బు ఆటలు బంద్. ఏ23 వాళ్లు కర్ణాటక హైకోర్టుకు వెళ్లారు. నన్నడిగితే అది గేమ్‌ల పరిశ్రమలో భాగమే కాదు, పేకాట క్లబ్బు ఫోన్‌లోకొచ్చిందంతే. అయినా అందులో కోడ్ రాసినవాళ్లు కూడా కొండాపూర్‌లో, మన మదీనాగూడలో అద్దెలు కట్టుకునే పిల్లలే. వాళ్ల మీద మాత్రం నాకు జాలే.

ఏంట్రా, నసుగుతున్నావు? ఓహో, ఇంత సేపూ నీ అసలు ప్రశ్న అదా. ప్లేస్టేషన్ ఇప్పుడే కొనాలా, ధర తగ్గేదాకా ఆగాలా?

మామూలుగా అయితే ఆగమనేవాణ్ణి. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి, 2009కి 99కి దిగింది. చిప్పు ఏటేటా చిన్నదయ్యేది, ఒకే సిలికాన్ పళ్లెం మీద ఎక్కువ చిప్పులు పట్టేవి, ఒక్కోదాని ఖర్చు తగ్గేది. ఇప్పుడు చిన్నది చేయడమే మహా ఖరీదైన వ్యవహారమైంది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021లో 49,990కి వచ్చింది, మరుసటి ఏడాదికి 54,990 అయింది. వయసు పెరిగేకొద్దీ ధర పెరిగిన మొదటి తరం పెట్టెలివి. దానికితోడు ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఊడ్చుకుపోతున్నాయి. ప్రపంచంలో ఆ చిప్పులు పెద్ద ఎత్తున చేసేవాళ్లు ముఖ్యంగా ముగ్గురు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఆ మైక్రాన్ 2025 డిసెంబరులో, మనలాంటి వాళ్లకు మెమరీ అమ్మే క్రూషియల్ బ్రాండునే మానేస్తున్నానని చెప్పేసింది. డేటా సెంటర్ వాడు లారీ లోడుకు బేరమాడుతుంటే నీ ఒక్క పెట్టె కోసం ఎవడు ఆగుతాడు?

అందుకని దసరా ఆఫర్ల దాకా ఆగితే చవకవుతుందన్న ఆశ నాకు లేదు. మీ నాన్నను ఈ నెలలోనే అడుగు. సగం నేను వేస్తా. కాకపోతే పొద్దున్నే గంగారం చెరువు దాకా నాతో నడకకు రావాలి. ఆదివారం కూడా.