చెట్టు బంకకీ చేపకీ ఒకటే కరెంటు!

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. మరి 860 వోల్టుల షాక్ కొట్టే చేప ఉందంటే నమ్ముతారా? దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతంలో ఉంది. అదే... ఎలక్ట్రిక్ ఈల్!

చూడ్డానికి పాములా ఉన్నా ఇది మలుగుపాము జాతి కాదు. జెల్లల్లాంటి మీసాల చేపలకు దగ్గరి చుట్టం. రెండు మీటర్లకు పైగా పెరుగుతుంది. గాలి పీల్చుకోవడానికి ఇంచుమించు పది నిమిషాలకోసారి నీటిపైకి రావాల్సిందే. పొట్ట, పేగులు అన్నీ తల వెనకే సర్దుకుని ఉంటాయి. మిగతా ఒళ్లంతా దాదాపు కరెంటు ఫ్యాక్టరీనే! అక్కడ వేల కణాలు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో కణం ఇచ్చేది వోల్టులో ఏడో వంతే. టార్చిలైటులో బ్యాటరీల్లా అన్నీ ఒక్కసారిగా పనిచేస్తే మాత్రం వందల వోల్టులు! అదీ ఒకట్రెండు మిల్లీసెకన్లే. చిన్న చేపలు కొయ్యబారిపోవడానికి అది చాలు.

ఇంతకీ 'ఎలక్ట్రిక్' అన్న మాట ఎక్కడిది? లాటిన్‌లో 'ఎలెక్ట్రమ్', అంతకుముందు గ్రీకులో 'ఎలెక్ట్రాన్' అంటే అంబర్... కోట్ల ఏళ్ల కిందట చెట్ల నుంచి కారి గట్టిపడిన బంక. దాన్ని రుద్దితే గడ్డిపోచల్ని లాగేస్తుంది. సంస్కృతంలో దాని పేరు 'తృణమణి' కావడానికి కారణమూ అదే. 1600లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం గిల్బర్ట్ ఇలా లాగే వస్తువులన్నిటికీ 'ఎలెక్ట్రికస్', అంటే 'అంబర్ లాంటిది' అని పేరు పెట్టాడు.

1766లో లిన్నేయస్ ఈ చేప శాస్త్రీయ నామంలోనూ అదే మాట చేర్చాడు. కానీ చేప గడ్డిపోచల్ని లాగదే! దాని షాక్, అంబర్ శక్తి ఒకటేనా? పేరైతే పెట్టారు గానీ రుజువేదీ? పదేళ్ల తర్వాత, 1776లో, లండన్‌లో జాన్ వాల్ష్ చీకటిగదిలో ఈల్ షాక్‌ను సన్నని రేకు గుండా పంపాడు. రేకు మధ్యలో వదిలిన ఖాళీలో నిప్పురవ్వ మెరిసింది. అనుమానం తీరింది!

1800లో ఇటలీకి చెందిన వోల్టా లోహపు బిళ్లల్ని, ఉప్పునీటిలో తడిపిన ముక్కల్ని ఒకదానిపై ఒకటి పేర్చి తొలి బ్యాటరీ చేశాడు. కరెంటు చేపల్లోని అవయవానికి ఇది నకలు అని ఆయనే చెప్పుకున్నాడు. 'వోల్టు' ఆయన పేరు మీద వచ్చిందే.

2019లో శాస్త్రవేత్తలు ఎలక్ట్రిక్ ఈల్ ఒకటి కాదు, మూడు జాతులని తేల్చారు. వాటిలో 860 వోల్టులు కొట్టేదానికి పెట్టిన పేరేంటో తెలుసా? 'ఎలెక్ట్రోఫోరస్ వోల్టాయ్'. బ్యాటరీకి దారి చూపిన చేపకు ఆ వోల్టా పేరే దక్కిందన్నమాట!