పిల్లలకు ఎక్కములు: గ్రామ పంచాయతీ చేయదగిన సహాయము

రాయచోటి పరిసర గ్రామములలో వేరుసెనగ, టమాటా, మామిడి పండించు రైతు ఏడాది పొడుగునను గుణకారము చేయుచునే యుండును. పంతొమ్మిది కూలీలకు ఆరు దినముల కూలి ఎంత? ఎకరమునకు ఇంత విత్తనమైనచో మూడెకరములకు ఎంత? మండీకి 18 పెట్టెల టమాటా తోలినాడనుకొందము. పెట్టెకు 25 కిలోలు, కిలో 12 రూపాయలు. మొత్తము 450 కిలోలు, 5,400 రూపాయలు. చీటీలో అంకెలు తారుమారై 4,500 అని పడినచో, ఎక్కములు వచ్చిన రైతు అక్కడనే నిలిచి అడుగును. రానివాడు చీటీ మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి పోవును. ఆనాటి నష్టము 900 రూపాయలు.

చేతిలోని ఫోనులో లెక్కయంత్రము కలదు గదా, ఇంక ఎక్కములెందుకని కొందరు ప్రశ్నింతురు. యంత్రము తప్పు చెప్పదు, నిజమే. కాని దానిపై మన వ్రేలు తప్పు మీటను నొక్కవచ్చును. వచ్చిన జవాబు సబబుగా నున్నదా లేదా యని పోల్చుకొనుటకు మనస్సులో ఒక అంచనా ఉండవలెను. ఆ అంచనాకు మూలము ఎక్కములే. కావున ఇది ఒక్క బడిపంతులకే సంబంధించిన విషయము కాదు, గ్రామమునకంతకును సంబంధించినది. పంచాయతీ సభ్యులు ఇందు ఏమి చేయవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

చిక్కు ఎచ్చట మొదలగును?

బాలుడు సాధారణముగా రెండవ, మూడవ తరగతులలో ఎక్కములు మొదలుపెట్టును. అప్పుడవి రాకపోయినను లోపము పైకి కనబడదు. నాలుగు, ఐదు తరగతులలో భాగహారము వచ్చునప్పటికి బయటపడును. 868ని 7తో భాగింపుమన్నారనుకొందము. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పదునాలుగు, ఏడు నాలుగులు ఇరువదియెనిమిది అనునవి తోచినచో 124 అను జవాబు నిమిషములో వచ్చును. తోచనివాడు మొదటి మెట్టులోనే ఆగిపోవును. తరువాత వచ్చు భిన్నములు, శాతములు, వడ్డీలెక్కలు అన్నియు దీనిపైననే నిలిచియున్నవి. అట్టి బాలుడు తరగతిలో వెనుక వరుసకు చేరి మౌనము వహించును. ఇంటిలో ఇబ్బంది కలిగిన ఏట ముందుగా బడి మానువాడు తరచుగా అతడే.

ఇది ఒక్క రాయచోటి కష్టము కాదు. దేశమంతటను గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లల చదువును పరీక్షించు అసర్ 2024 సంవత్సరపు నివేదిక ప్రకారము, ఐదవ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపగలిగినవారు నూటికి 31 మంది మాత్రమే. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డకును చదువుట, వ్రాయుట, లెక్కించుట వచ్చియుండవలెనను ధ్యేయముతో కేంద్ర ప్రభుత్వము 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమమును ప్రారంభించినది.

పూర్వపు బడులలో ఎక్కములు

ఎక్కములు మనకు క్రొత్తవి కావు. 11వ శతాబ్దివాడుగా ప్రసిద్ధుడైన పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కలు తెలుగు మాటలలో ఇమిడి, నాలుకపై నిలుచునని ఆనాడే తేలినది.

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన దత్తమండలములలో కడప, బళ్ళారి, అనంతపురము ప్రాంతములు చేరియుండెను. వాటికి మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో ప్రతి జిల్లాలోని బడుల లెక్క తీయుమని ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు నేటికిని చదువదగినది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. అందు బాలికలు 60 మంది మాత్రమే. పిల్లలు ఇసుకలో వ్రాసి అక్షరములు, అంకెలు నేర్చుచుండిరి. కూడిక ఎక్కములు, గుణకారపు ఎక్కములు, తూనికలు, కొలతలు, నాలుగవ పాళ్ళుగా తగ్గుచు పోవు భిన్నములు, వీటినన్నిటిని దినమునకు రెండుమారులు వరుసలలో నిలిచి, ఒక పెద్ద విద్యార్థి చెప్పగా తక్కినవారు అనుచుండిరి.

ఆ పద్ధతిలోని ఒక గుణమును క్యాంప్‌బెల్ మెచ్చుకొనెను: ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పును, నేర్పుటలో తన చదువును గట్టిపరచుకొనును. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మద్రాసులో ఇట్టి పద్ధతిని అనుసరించి, 1797లో ఇంగ్లండున దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అది అచట మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించినది. అయితే పిల్లలు పద్యములను చిలుకలవలె వల్లించుచు వాటి అర్థము నెరుగకున్నారని కూడ క్యాంప్‌బెల్ వ్రాసెను. ఆ మెప్పును, ఆ ఆక్షేపణను రెండింటిని మనము గుర్తుంచుకొనవలెను.

ఎక్కములు కాలముతో మారినవి. రూపాయికి 16 అణాలున్న దినములలో పదహారవ ఎక్కము రానివాడు అంగడిలో నిలువజాలకుండెను. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 పైసలు వచ్చినవి. పిదప మెట్రిక్ తూనికలును వచ్చినవి. నేడు పది ఎక్కములు గట్టిగా వచ్చిన బిడ్డకు నిత్యజీవితపు లెక్కలు చాలవరకు సాగిపోవును.

అర్థము ముందు, వల్లింపు తరువాత

బడిని చూడబోయిన సభ్యుడు ఒక బాలికను ఏడవ ఎక్కము చెప్పుమనును. ఆమె గుక్కతిప్పుకొనక ఒప్పగించును. అందరును సంతోషింతురు. కాని అదే బాలికను, వరుసకు ఏడు మామిడిమొక్కలు చొప్పున ఎనిమిది వరుసలు నాటినచో మొక్కలెన్ని యని అడిగి చూడుడు. మొదటినుండి లోలోపల పాడుకొనుచు వచ్చి ఎనిమిదవ మెట్టువద్ద ఆగినచో, ఆమెకు పాట వచ్చినదే గాని లెక్క ఇంకను రాలేదని తెలిసికొనవలెను. గుణింపవలెనని తోచక ఏడును ఎనిమిదిని కూడి పదునైదనినచో, అర్థమే తెలియలేదన్నమాట.

అందుచే మొదట వస్తువులతో చూపవలెను. ఇందుకు ధనవ్యయము లేదు. చింతపిక్కలు, గులకరాళ్ళు, వేరుసెనగకాయలు చాలును. మూడేసి చింతపిక్కలు రెండు కుప్పలు పెట్టించుడు. రెండు మూళ్ళు ఆరు. తరువాత రెండేసి పిక్కలు మూడు కుప్పలు పెట్టించుడు. మూడు రెళ్ళును ఆరే. తెలుగు ఎక్కపు మాటలోనే అర్థమున్నది. "మూళ్ళు" అనగా మూడు అనునవి పెక్కు. మేకలమందను చూపి, ఏడు మేకలకు కాళ్ళెన్ని యని అడిగినను ఇదే పాఠము. ఇట్లు పది దినములు చేతితో చేసిన పిదప వల్లింపు మొదలుపెట్టినచో ఆ వల్లింపు వ్యర్థము కాదు.

నూరు కాదు, పదునైదు మాత్రమే

ఒకటి మొదలు పది వరకు గల ఎక్కములలో నూరు మెట్లున్నవి. నూరు అనగానే బిడ్డ భయపడును. నిజమునకు గట్టిగా శ్రమింపవలసినవి అన్ని లేవు.

మూడు రెళ్ళు, రెండు మూళ్ళు ఒకటే యని తెలిసినచో నూరు కాస్తా 55కు తగ్గును. ఒకటవ ఎక్కమునకు, పదవ ఎక్కమునకు శ్రమయే లేదు. అవి తీసివేసినచో 36 మిగులును. రెండవ ఎక్కమనగా ఇమ్మడించుటయే. ఐదవ ఎక్కము ఐదు, సున్నలతో ముగియుచు సులభముగా నిలుచును. ఈ రెండును పోగా 21. తొమ్మిదవ ఎక్కమునకు ఒక ఉపాయము కలదు. తొమ్మిది ఏడులు కావలసినచో పది ఏడులలోనుండి ఒక ఏడు తీయవలెను. 70లో 7 పోగా 63. జవాబులోని 6, 3 కూడినచో మరల తొమ్మిదియే వచ్చును. జవాబు సరియైనదో కాదో బిడ్డ తానే చూచుకొనవచ్చును. ఇవియు పోగా మిగులునవి పదునైదే.

అవి యేవనగా: 3×3, 3×4, 3×6, 3×7, 3×8, 4×4, 4×6, 4×7, 4×8, 6×6, 6×7, 6×8, 7×7, 7×8, 8×8.

వీటిలో కూడ తెలిసినదానినుండి తెలియనిదానికి పోవచ్చును. ఏడు నాలుగులు 28 అని తెలిసినచో, ఏడు ఎనిమిదులు దానికి రెట్టింపు, 56. ఐదు ఏడులు 35 అని తెలిసినచో, ఆరు ఏడులకు మరియొక ఏడు చేర్చిన 42. ఇట్లు దారి తెలిసిన బిడ్డ మరచినను మరల కట్టుకొనగలడు. వల్లించుట మాత్రమే తెలిసినవాడు నడుమ ఒక మెట్టు జారినచో క్రిందికి పడిపోవును.

మరపునకు మందు

జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రకటించిన పరిశోధనలలో, నేర్చినది మొదటి గంటలలో, దినములలోనే వేగముగా మరపునకు వచ్చునని, ఎడమిచ్చి మరల మరల నేర్చినచో బాగుగా నిలుచునని చూపెను. కావున ఆదివారమున రెండు గంటలు కూర్చుండబెట్టుటకంటె దినమునకు పది నిమిషములు మేలు. ఒక వారమున మూడు నాలుగు మెట్లకు మించి క్రొత్తవి ఇయ్యరాదు. పాతవాటిని వదలరాదు. వరుసతప్పించి అడుగవలెను. పుస్తకము చూచి చదువుట కాక, చూడక జ్ఞప్తికి తెచ్చుకొనుటయే అభ్యాసము.

తప్పు చెప్పిన బిడ్డను కొట్టుట, పదిమందిలో నవ్వులపాలు చేయుట తగదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము శారీరక దండనను, మానసిక హింసను నిషేధించినది. అంతకంటె ముఖ్యముగా, భయపడిన బిడ్డకు తెలిసినదియు తోచదు.

ఇంటిలోని పెద్దలు

రాయచోటి ప్రాంతమునుండి బ్రతుకుదెరువునకై కువైటు మొదలగు దేశములకు పోయినవారు అనేకులు. అట్టి ఇండ్లలో పిల్లలను చూచుకొనువారు అవ్వతాతలు. బడిలో బిడ్డ టూ త్రీస్ ఆర్ సిక్స్ అని నేర్చుచున్నాడు, తనకు ఆంగ్లము రాదు, తానేమి నేర్పగలనని అవ్వ వెనుదీయును. ఈ సంకోచము అనవసరము. రెండు మూళ్ళు ఆరు అన్నను, ఉర్దూ మాట్లాడు ఇండ్లలో పహాడాలు చదివినను, లెక్క ఒక్కటే. ఏ భాషలో అర్థమైనను బడిలో పనికివచ్చును. చదువురాని అవ్వ కూడ చింతపిక్కలు కుప్పలు పెట్టి అడుగవచ్చును. పిక్కలు ఎంచి చూచినచో జవాబు సరియో కాదో ఇద్దరికిని తెలియును.

పంచాయతీ చేయదగిన పనులు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానిచే చేర్చబడిన 11వ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్య పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను, సభ్యులలో సగము స్త్రీలు కావలెను. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులకును అందు స్థానము కలదు. అనగా బడి విషయము మాట్లాడు అధికారము మీకు ఉన్నది. ఉపాధ్యాయులతో సంప్రదించి ఈ క్రింది పనులు చేయవచ్చును.

మొదటిది: పంచాయతీ కార్యాలయపు గోడపైనను, బడిగోడపైనను పది వరుసలు, పది నిలువులు గల ఎక్కముల పట్టిక వ్రాయించుడు. పైన చెప్పిన పదునైదు మెట్ల గళ్ళకు వేరొక రంగు వేయించుడు. జవాబులు లేని ఖాళీ పట్టిక యొకటి ప్రక్కనే యుండవలెను. పిల్లలు సుద్దముక్కతో నింపి తుడుచుకొందురు.

రెండవది: ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలలో ఇష్టమున్నవారిని ఎంచి, ఒక్కొక్కరికి ముగ్గురు చిన్నవారిని అప్పగింపుడు. సాయంకాలము పది నిమిషములు చాలును. నేర్పువానికిని లాభమే.

మూడవది: నెలకొకమారు పరీక్ష పెట్టినచో, ఒకరితో నొకరిని పోల్చక, ఏ బిడ్డకు క్రిందటి నెలకంటె ఎన్ని మెట్లు అధికముగా వచ్చినవో ఆ బిడ్డ పేరిట వ్రాసి పెట్టించుడు. వేగమునకు బహుమానమిచ్చినచో వచ్చినవారికే వచ్చును. ముందుకు జరిగినవారిని మెచ్చుకొన్నచో అందరును ప్రయత్నింతురు.

నాలుగవది: బడి మానుచున్న పిల్లల విషయమై ఉపాధ్యాయులు చెప్పినప్పుడు, హాజరుతోబాటు భాగహారము వచ్చినదా యనికూడ విచారింపుడు. కారణము అక్కడ దొరకవచ్చును.

2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడి రాయచోటి దానికి కేంద్రమైనప్పుడు కార్యాలయములు, రోడ్లు, భవనములు అందరికిని కనబడినవి. గోడపైని ఎక్కముల పట్టికకు అట్టి ప్రారంభోత్సవము లేదు. దానికి కావలసినది కొంత రంగు, కొన్ని చింతపిక్కలు, దినమునకు పది నిమిషములు. రాబోవు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, మూడవ తరగతిలో నున్న ప్రతి బిడ్డ పేరును వ్రాసికొని, ఆ పదునైదు మెట్లలో ఎవరికి ఎన్ని వచ్చునో ఉపాధ్యాయుల సహాయముతో ముందుగా తెలిసికొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.