పట్టుకున్నవాడే న్యాయాధిపతి అయితే

హాలీవుడ్ సినిమాల గురించి ఈ పేజీలో రాయడం మాకు అలవాటు లేదు. పైగా ఇది 2012లో వచ్చిన పాత సినిమా. పెద్దలకు మాత్రమే అని ముద్ర వేయించుకున్న సినిమా. థియేటర్లలో పెట్టిన డబ్బు కూడా సరిగా రాబట్టలేకపోయింది. దాని పేరు ‘డ్రెడ్’. థియేటర్లో ఓడిపోయినా ఆ తర్వాత డిస్కుల్లో, ఫోన్లలో దానికి అభిమానులు పెరిగారు. మన యౌవనస్థులు ఇలాంటివి చూస్తున్నారని పెద్దలకు తెలుసు, పెద్దలకు తెలుసని వాళ్లకూ తెలుసు. చూడొద్దు అని ఒక్క మాటతో ముగించవచ్చు. కానీ ఆ సినిమా అడిగే ప్రశ్న ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న మన ఊళ్లకు కొత్తది కాదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు కథ. ‘కల్కి 2898 ఏడీ’ చూసినవారికి ఈ తరహా లోకం పరిచయమే. లోకమంతా ఎడారి అయిపోయి, మిగిలిన ఒక్క నగరంలో జనం కిక్కిరిసి, ఆశ అడుగంటిన కాలం. ‘డ్రెడ్’లో ఆ నగరం అమెరికా తూర్పు తీరం పొడవునా ఉంటుంది, 80 కోట్ల జనంతో. రోజుకు 17,000 పెద్ద నేరాలు నమోదవుతాయి. వందలో ఆరింటికి మించి ఎవరూ స్పందించలేరు. ఆ స్పందించేవారినే అక్కడ జడ్జీలు అంటారు. మోటార్ సైకిల్ మీద వస్తారు, నేరస్థుణ్ణి పట్టుకుంటారు, అక్కడికక్కడే తీర్పు చెబుతారు, మరణశిక్ష అయితే ఆ తుపాకీతోనే అమలు చేస్తారు. పోలీసు, న్యాయమూర్తి, తలారి ముగ్గురూ ఒక్కడే. వకీలు లేడు, సాక్షి లేడు, అప్పీలు లేదు.

డ్రెడ్ అనే జడ్జి, అండర్సన్ అనే కొత్త అమ్మాయి కలిసి 200 అంతస్తుల భవనంలోకి ఒక హత్య కేసు మీద వెళ్తారు. ఆ భవనాన్ని ఏలే మత్తుమందుల ముఠా నాయకురాలు తలుపులన్నీ మూయించి, ఇద్దరినీ చంపమని ఆజ్ఞ వేస్తుంది. మిగతాదంతా కాల్పులే. ఆ ముఠా అమ్మే మందు పీల్చినవాడికి కాలం నూరోవంతు వేగంతో కదిలినట్టు ఉంటుందట. దర్శకుడు దాన్ని సాకుగా తీసుకుని తూటా మనిషి చెంపలోంచి దూసుకుపోవడాన్ని తీరిగ్గా, అందంగా చూపిస్తాడు. మాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచింది ఇదే. రక్తం ఎక్కువైందని కాదు, దాన్ని కళ్లకు ఇంపుగా చేశారని. పిల్లలకు ఈ సినిమా పనికిరాదు, ఇందులో రెండో మాట లేదు.

ఈ డ్రెడ్ పుట్టింది సినిమాలో కాదు, బొమ్మల కథలో. 1977లో బ్రిటన్‌లో ‘2000 ఏడీ’ అనే వారపత్రిక మొదలైంది. దాని రెండో సంచికలోనే ఈ పాత్ర కనిపించింది. రాసింది జాన్ వాగ్నర్, బొమ్మలు గీసి రూపం ఇచ్చింది కార్లోస్ ఎజ్‌క్వెర్రా. పోలీసు చేతికే సర్వాధికారం ఇస్తే ఎలా ఉంటుందో వెక్కిరిస్తూ రాసిన కథ అది. వాళ్ల డ్రెడ్‌కు ముఖం ఉండదు. హెల్మెట్ కింద గడ్డం, బిగించిన పెదవులు, అంతే. ముఖం లేని చట్టం అన్నమాట. 1995లో సిల్వెస్టర్ స్టాలోన్ ఈ పాత్ర వేసి హెల్మెట్ తీసేస్తే పాఠకులు మండిపడ్డారు. 2012 సినిమాలో కార్ల్ అర్బన్ ఆఖరి దృశ్యం దాకా హెల్మెట్ తీయలేదు. చిత్రం ఏమిటంటే, హెచ్చరికగా గీసిన బొమ్మను చూసి చాలామంది ఇలాంటివాడు మాకూ ఉంటే బాగుండు అనుకున్నారు.

అలా ఎందుకు అనుకుంటారో మనకు తెలియనిదేమీ కాదు. కేసు వేస్తే తండ్రి కాలంలో మొదలై కొడుకు కాలంలో తేలుతుంది. వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది. చార్జీలు, వకీలు ఫీజు, కాగితాల ఖర్చు. బాధితుడి కన్నీరు ఆరిపోయాక వచ్చే తీర్పును న్యాయం అనడానికి నోరు రాదు. ఆ కడుపుమంట నిజం. దాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఆ మంట మనల్ని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చూడండి. 2019 నవంబరు చివర శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. మన రాష్ట్రమంతా ఏడ్చింది. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ కేసులో పట్టుబడిన నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022లో బయటికి వచ్చిన ఆ నివేదిక, పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. చనిపోయినవారిలో ముగ్గురు అప్పటికి మైనర్లు అని కూడా చెప్పింది. వాళ్లు ఆ ఘోరం చేశారా లేదా అన్నది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు, ఇక ఎప్పటికీ కాదు. ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డ కేసులో ఒక తీర్పు కాగితం కూడా లేకుండా పోయింది.

ఇక్కడ ఒక మాట గుర్తుకొస్తుంది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును పట్టుకున్నాక విచారణ లేకుండా కాల్చి చంపారని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం, తెల్లవాడి అన్యాయం అని పాఠంగా చెప్పుకున్నాం. ఆయన మంచివాడు కాబట్టి విచారణ ఉండాలి, వీళ్లు చెడ్డవాళ్లు కాబట్టి అక్కర్లేదు అనిపించవచ్చు. అయితే మంచివాడో చెడ్డవాడో తేల్చడానికే కదా విచారణ!

ఇప్పుడు మన అడవి అంచుకు వద్దాం. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు దగ్గర, ప్లాంటేషన్ చూడటానికి వెళ్లిన ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు గారిపై కత్తులతో దాడి జరిగింది. ఆయన ప్రాణాలు దక్కలేదు. డ్యూటీ చేస్తున్న మనిషిని అంత దారుణంగా చంపడాన్ని ఏ పోడు గొడవా సమర్థించలేదు. దాడి చేసినవారు గొత్తికోయలు. కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామసభ ఒక తీర్మానం చేసింది. ఎర్రబోడులో ఉంటున్న గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు తిరిగి పంపించేయాలని. కత్తి పట్టినవారిని మాత్రమే కాదు. చంటిబిడ్డలతో సహా, గూడెం గూడేన్నీ.

గ్రామస్థుల భయాన్ని మేము తప్పు పట్టడం లేదు. కానీ ఆ గూడెం వాళ్లు ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చారో కూడా చెప్పుకోవాలి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడానికి అని చెప్పి ఆదివాసీ కుర్రాళ్లనే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకుని, చేతికి తుపాకీ ఇచ్చారు. ఎవరు నక్సలైటో, ఎవరు కాదో వాళ్లే తేల్చేవారు. ఊళ్లు తగలబడ్డాయి, ఖాళీ అయ్యాయి. క్యాంపులకు వెళ్లనివారు కాలినడకన సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి, ఇంకా లోపలికి వచ్చారు. అటువైపు మావోయిస్టులూ తక్కువ చేయలేదు. ఇన్‌ఫార్మర్ అని ఒక్క మాట, రాత్రి ఇంట్లోంచి లాక్కెళ్లడం, పొద్దున శవం పక్కన ఒక కరపత్రం. దానికి వాళ్లు పెట్టిన పేరు ప్రజాకోర్టు. ఆ కోర్టులో ఫిర్యాదుదారుడు, న్యాయమూర్తి, తలారి అందరూ తుపాకీ ఉన్నవాళ్లే. రెండు వైపులా డ్రెడ్‌లే, హెల్మెట్లే వేరు.

2011 జూలై 5న సుప్రీంకోర్టు ఈ స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, వాళ్ల దగ్గరి ఆయుధాలు వెనక్కి తీసుకోమంది. ఆ ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. తీర్పు వచ్చేనాటికి ఇటు వచ్చినవారి పిల్లలు ఇక్కడే నడక నేర్చుకున్నారు.

మరి ఎర్రబోడు కేసు ఏమైంది? నిందితులు ఇద్దరినీ పోలీసులు పట్టుకున్నారు. కోర్టుకు తెచ్చారు. సాక్షులను విచారించారు. 2023 ఆగస్టులో, ఘటన జరిగి ఏడాది కూడా తిరగకముందే, కొత్తగూడెం కోర్టు ఇద్దరికీ యావజ్జీవ శిక్ష వేసింది. విచారణ అంటే ఆలస్యం, ఆలస్యం అంటే అన్యాయం అనేవారికి ఈ ఒక్క కేసు చూపించవచ్చు. పని చేయాలనుకుంటే కోర్టు పని చేస్తుంది. శిక్ష కూడా చేసినవారికే పడింది, గూడేనికి కాదు.

ఆరోపణ విన్న వెంటనే తీర్పు చెప్పకపోవడం లేఖనాల్లో కొత్త విషయం కాదు. ఆదికాండం 18వ అధ్యాయంలో సొదొమ మొర చెవిన పడ్డాక కూడా దేవుడు ముందు దిగి వచ్చి చూస్తానన్నాడు. అన్నీ తెలిసినవాడికి దిగి రావలసిన పనేముంది? యోహాను 7వ అధ్యాయంలో నికొదేము, మనిషి చెప్పేది వినకుండా దోషి అనడం ధర్మశాస్త్రం పద్ధతి కాదని గుర్తు చేస్తే, తోటివారు జవాబు చెప్పకుండా అతన్నే ఎత్తిపొడిచారు, నువ్వు కూడా ఆ ప్రాంతం మనిషివేనా అన్నట్టు. గొత్తికోయల గురించి ఒక్క మాట మాట్లాడి చూడండి, మీకూ అదే ఎదురవుతుంది.

మళ్లీ సినిమాకు వద్దాం, ఎందుకంటే దాన్ని పూర్తిగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. రచయిత అలెక్స్ గార్లండ్ ఆ కాల్పుల మధ్య కొన్ని ముళ్లు దాచిపెట్టాడు. సగం కథ దాటాక ముఠా నాయకురాలు నలుగురు జడ్జీలను డబ్బుతో కొంటుంది. వాళ్లకూ అదే బిళ్ల, అదే తుపాకీ, అదే అధికారం. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని బిళ్లను కొనడం ఎంత తేలికో ఆ నలుగురూ చూపిస్తారు.

అంతకంటే ముఖ్యం అండర్సన్. ఆ అమ్మాయికి ఎదుటివాళ్ల మనసు చదివే శక్తి ఉంది. హెల్మెట్ పెట్టుకుంటే ఆ శక్తి పనిచేయదు, అందుకని ఆమె పెట్టుకోదు. మొదట్లో గాయపడి పడి ఉన్న ఒక ముఠా మనిషికి చట్ట ప్రకారం మరణశిక్ష వేసి తానే కాలుస్తుంది. కాసేపటికి తలదాచుకోవడానికి ఒక ఇంట్లో దూరితే అక్కడ ఒక ఇల్లాలు, పసిబిడ్డ ఉంటారు. ఇంట్లో ఉన్న ఫొటో చూడగానే అండర్సన్‌కు అర్థమవుతుంది, తాను చంపింది ఆ ఇల్లాలి భర్తనే అని. చివర్లో ముఠాకు కంప్యూటర్ పని చేసిపెట్టే కుర్రాడు దొరుకుతాడు. డ్రెడ్ లెక్కలో వాడు దోషి. అండర్సన్ వాడి మనసులోకి చూసి, వాడు ఆ ముఠా చేతిలో చిత్రహింస పడ్డ బాధితుడని తెలుసుకుని వదిలేస్తుంది. పరీక్షలో తప్పుతానని తెలిసే వదిలేస్తుంది. ఆఖరున పై అధికారి అడిగితే డ్రెడ్ ఆమె పాసైందనే చెబుతాడు.

మనకు మనసులు చదివే శక్తి లేదు. దాని బదులు మనకున్నవి సాక్ష్యం, వాదన, ఇంకా ఈ ప్రాంతంలో ముఖ్యంగా భాష. తెలుగు సరిగా రాని గొత్తికోయ మనిషి స్టేషన్లోనో కోర్టులోనో నిలబడితే అతను చెప్పేది అర్థం చేసుకుని చెప్పే మనిషి కావాలి. 19వ శతాబ్దంలో మిషనరీ జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో ఉండి కోయల భాష, ఆచారాల గురించి రాశాడు. ఈనాడు మన సంఘాల్లో కోయ భాష ఇంటి భాషగా ఉన్న విశ్వాసులు ఉన్నారు. కస్టడీలో ఉన్న ఏ మనిషికైనా ఉచితంగా వకీలును పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. ఈ సంగతి అడవిలోని గూడేనికి చేరవేయడానికి చదువుకున్న ఒక్క మనిషి చాలు.

యౌవనస్థుల కూడిక నడిపే పెద్దలకు ఒక సూచన. పద్దెనిమిది దాటినవాళ్లు ఈ సినిమా ఎలాగూ చూసి ఉంటే, చూసినందుకు తిట్టి పంపేయకండి. ఆ కంప్యూటర్ కుర్రాడి దృశ్యం గురించి అడగండి. అండర్సన్ స్థానంలో నువ్వు ఉంటే, నీకు మనసు చదివే శక్తి లేకపోతే, ఆ కుర్రాడి సంగతి ఎలా తెలుసుకునేవాడివి అని అడగండి. తర్వాత బెండాలపాడు గ్రామసభలో నువ్వు కూర్చుని ఉంటే చెయ్యెత్తేవాడివా అని కూడా.