పేరు పైకి, అడ్రసు లోపలికి

టైపు మిషన్ల కాలంలో పెద్ద ఆఫీసుల్లో ఒక కిటుకు ఉండేది. ఉత్తరం కొట్టడం అయిపోయాక టైపిస్టు అసలు కాగితాన్ని పక్కన పెట్టి, కార్బన్ నకలును మాత్రం మళ్లీ మిషనుకెక్కించి, అడుగున ఇంకో పేరు కొట్టేవాడు. ఆ పేరు నకలు మీదే ఉంటుంది. అసలు ఉత్తరం అందుకున్న పెద్దమనిషికి, దాన్ని ఇంకెవరు చదువుతున్నారో తెలిసే దారి లేదు. దీన్నే బ్లైండ్ కార్బన్ కాపీ అన్నారు. రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ 1806లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న కార్బన్ కాగితం ఇవాళ దాదాపు మూలబడింది. కిటుకు మాత్రం బీసీసీ పేరుతో మన ఈమెయిల్లో ఇంకా బతికే ఉంది.

ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు మెయిల్ వెళ్లడం 1971లో మొదలైంది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, బీబీఎన్ కంపెనీలో రే టామ్లిన్సన్ మనిషి పేరుకూ మిషను పేరుకూ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టాడు. మెయిల్ పైభాగాన ఎవరు, ఎప్పుడు, దేని గురించి అని రాసే వరసలకు ఒక పద్ధతి కావాలని 1973 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 561 అనే పత్రం వచ్చింది. దాన్ని రాసిన నలుగురిలో టామ్లిన్సన్ ఒకడు. ఇంకొకరు ఐఐటీ కాన్పూరు తొలి బ్యాచిలో చదివిన అభయ్ భూషణ్. మనం రోజూ చూసే ‘ఫ్రమ్’, ‘సబ్జెక్ట్’, ‘డేట్’ వరసల వెనక ఒక భారతీయుడి చెయ్యి ఉందని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. చెబితే బాగుండేది.

అసలు కథ 1977 నవంబరుది. ఆర్‌ఎఫ్‌సీ 733 అనే ప్రమాణం మనిషి పేరును విడిగా రాసి, అడ్రసును పక్కనే కోణపు బ్రాకెట్లలో పెట్టే పద్ధతిని స్థిరపరిచింది. అంటే పేరు మనుషుల కోసం, అడ్రసు మిషను కోసం. బీసీసీ వరస కూడా అందులో ఉంది. దాంతోపాటు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అది జట్టు. ముందు జట్టు పేరు, తర్వాత కోలన్, ఆపైన సభ్యుల అడ్రసులు, చివర సెమికోలన్. 1982లో ఆర్‌ఎఫ్‌సీ 733 స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రకారం కోలన్‌కూ సెమికోలన్‌కూ మధ్య ఏమీ రాయకపోయినా తప్పు లేదు. పేరు కనబడుతుంది, అడ్రసు ఒక్కటీ ఉండదు.

అడ్రసు లేకపోతే మెయిల్ ఎలా చేరుతుంది? అదే 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎమ్‌టీపీ అనే మెయిల్ బట్వాడా ప్రమాణంలో జవాబుంది. మీ సర్వరు అవతలి సర్వరుతో మాట్లాడేటప్పుడు మొదట ‘ఈ మెయిల్ ఫలానావాళ్లకు’ అని ఒక్కొక్క అడ్రసే చెబుతుంది. ఆ తర్వాతే మెయిల్ మొత్తం అందిస్తుంది. ‘టు’ వరస ఆ మెయిల్లో భాగం. బట్వాడాతో దానికి సంబంధం లేదు. శుభలేఖ లోపల ‘బంధుమిత్రులందరికీ’ అని అచ్చు వేయించి, కవరు మీద మాత్రం ఒక్కో ఇంటి అడ్రసు రాసినట్టు. పోస్ట్‌మ్యాన్‌కు కవరు చాలు.

మీ ఇన్‌బాక్సులో ఎప్పుడైనా ‘అన్‌డిస్‌క్లోజ్డ్ రెసిపియెంట్స్’ అన్న మాట చూశారా? అది ఆ ఖాళీ జట్టే. అందరినీ బీసీసీలో పెడితే, పైన ఏదో ఒకటి ఉండాలని చాలా ప్రోగ్రాములు దాన్ని రాసేస్తాయి. నిజానికి ఆ చోట ‘1985 బ్యాచ్ టెన్త్ క్లాసు మిత్రులు’ అని రాయొచ్చు. ఉటంకింపు గుర్తుల మధ్య పదిమంది పేర్లు వరసగా రాసినా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఎవరెవరికి వెళ్లిందో అందరికీ తెలుస్తుంది, ఎవరి అడ్రసూ ఎవరికీ తెలియదు. చిక్కల్లా ఏమిటంటే మామూలు మెయిల్ ప్రోగ్రాముల్లో దీనికి బటన్ లేదు. బటన్ బీసీసీకి దక్కింది. నా దృష్టిలో ఈమెయిల్ చేసిన పెద్ద పొరపాట్లలో ఇదొకటి. బీసీసీ అడ్రసులతోపాటు పేర్లనూ దాచేస్తుంది. పైగా పంపేవాడు సరైన గడిలో టైపు చేస్తేనే అది పనిచేస్తుంది.

ఆ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2021 సెప్టెంబరు 20న తెలిసింది. తాలిబన్లు కాబూల్ పట్టుకుని నెల దాటింది. దేశం విడిచి రావడానికి అర్హులైన అఫ్గాన్లకు బ్రిటన్ రక్షణ శాఖ ఒక మెయిల్ పంపింది. అడ్రసులన్నీ ‘టు’ గడిలోనే ఉన్నాయి. 245 మంది వివరాలు బయటపడ్డాయి. వాళ్లలో 55 మంది ఫొటోలు కూడా కనిపించాయి. ఇద్దరు ‘రిప్లై ఆల్’ నొక్కారు. అందులో ఒకరు తానెక్కడున్నదీ అందరికీ రాసేశారు. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం రక్షణ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా వేసింది.

2015లో లండనులోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్కుది ఇంకో రకం పాఠం. హెచ్ఐవీ సేవలు పొందేవాళ్లకు వెళ్లే వార్తాలేఖలో సుమారు 780 అడ్రసులు అందరికీ కనిపించాయి. చాలా అడ్రసుల్లోనే మనిషి పూర్తి పేరు ఉంది. ఇలాంటి జాబితాలో పేరు కూడా రహస్యమే. జట్టు పేరు చాలు, అదీ ఏ జబ్బునూ బయటపెట్టనిదై ఉండాలి.

బీసీసీని సరిగ్గా వాడినా పూర్తి భరోసా లేదు. ఆ వరసను అందరి ప్రతుల్లోంచీ తీసెయ్యొచ్చు, లేదా బీసీసీలో ఉన్నవాళ్ల ప్రతుల్లో మాత్రం ఉంచొచ్చు. రెండో పద్ధతినీ ప్రమాణం ఒప్పుకుంటుంది, కాబట్టి దాగినవాళ్లు ఒకరినొకరు చూసుకునే వీలుంది.

మూలన పడిన ఆ జట్టుకు 2013 మార్చిలో మళ్లీ పని పడింది, అదీ మన తెలుగులాంటి లిపుల వల్ల. అడ్రసు తెలుగులో ఉంటే ఆ లిపి తెలియని పాత ప్రోగ్రాము దాన్ని చూపలేదు. అలాంటప్పుడు పంపినవాడి పేరు ఉంచి, అడ్రసు స్థానంలో ఖాళీ జట్టు పెట్టొచ్చు. ఇందుకోసమే ఆర్‌ఎఫ్‌సీ 6854 ‘ఫ్రమ్’ గడిలోకి కూడా జట్టును రానిచ్చింది.

మామూలు వాడుకకు మాత్రం బటన్ ఇప్పటికీ రాలేదు. అందుకని అపార్టుమెంటు సంఘానికో, పాత విద్యార్థులకో మెయిల్ పెట్టేవాళ్లు మెయిల్ మెర్జ్‌తో ఒక్కొక్కరికీ విడిగా పంపండి. ఎవరెవరికి వెళ్లిందో చెప్పాలనుకుంటే, వాళ్లకు అభ్యంతరం లేకపోతే, పేర్లను ఉత్తరం మొదటి పంక్తిలోనే రాసెయ్యండి. పొరపాటున ఏ గడి నొక్కినా బయటపడేది ఒక్క అడ్రసే, అదీ చదివేవాడి సొంత అడ్రసు.