వేగాన్ని మింగే ఇంజిన్

1931లో ఒక డీజిల్ లారీ న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు బయలుదేరింది. డీజిల్ ఇంజిన్ ఓడలకూ ఫ్యాక్టరీలకూ పనికొస్తుంది గానీ లారీలకెందుకని అమెరికాలో చాలామంది అనుకునే రోజులవి. ఆ అనుమానం తీర్చడానికే క్లెస్సీ కమిన్స్ అనే ఇంజిన్ల తయారీదారు ఈ యాత్ర పెట్టుకున్నాడు. 3,214 మైళ్ల దారికి ఇంధనం ఖర్చు 11 డాలర్ల 22 సెంట్లు. డీజిల్ గెలిచినట్టే. అయితే గమ్యం దగ్గరపడ్డాక, కాలిఫోర్నియాలోని కహోన్ కనుమలో కథ అడ్డం తిరగబోయింది. శాన్ బెర్నార్డినో వైపు పొడవైన వాలు దిగుతుండగా లారీ బ్రేకులు పట్టు వదిలేశాయి. దిగువన రైల్వే క్రాసింగు మీద గూడ్సు బండి పోతోంది. దాని ఆఖరి పెట్టె పట్టాలు దాటీ దాటకముందే లారీ అక్కడికి దూసుకొచ్చింది. వెంట్రుకవాసిలో ప్రాణాలు దక్కాయి.

కమిన్స్ 1888లో ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. పెద్ద చదువులు చదవలేదు. కొలంబస్ పట్టణంలో ఒక బ్యాంకరు దగ్గర కారు డ్రైవరుగా చేరి, ఆయన పెట్టుబడితోనే 1919లో ఇంజిన్ల కంపెనీ మొదలుపెట్టాడు. అదే 1931లో ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెంలో ఆయన డీజిల్ కారు ఒక్కసారి కూడా ఆగకుండా చివరిదాకా పరుగెత్తింది. డీజిల్‌ను పరుగెత్తించడం ఆయనకు వచ్చేసింది. వాలులో దాన్ని పట్టి ఉంచడమెలా అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మాత్రం పాతికేళ్లకు పైగా పట్టింది.

ఆ ప్రశ్న ఎంత బరువైనదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 40 టన్నుల లారీ 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. పైన ఉన్నప్పుడు దానిలో దాగి ఉన్న శక్తి దాదాపు 20 కోట్ల జౌళ్లు. కిందికి వచ్చేసరికి ఆ శక్తంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఖర్చు కాకపోతే అది వేగంగా మారుతుంది. గాలి ఒరిపిడి, టైర్ల ఒరిపిడి కొంత తింటాయి. మిగతాది బ్రేకుల మీదే వదిలేస్తే వేడిగా మారక తప్పదు. 20 కోట్ల జౌళ్లంటే, 600 లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగించేంత వేడి. దాన్ని మోయాల్సినవి చక్రాల్లోని ఇనుప డ్రమ్ములు.

డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలినుంచి దాన్ని ఒరుసుకునే లైనర్లకు దూరం జరుగుతుంది. లైనర్లు దాన్ని అందుకోవాలంటే బ్రేకు చాంబరులోని కడ్డీ ఇంకాస్త ముందుకు రావాలి. ఆ కడ్డీ రాగలిగే దూరానికి ఒక హద్దుంది. పైగా కాలిన లైనరుకు ఒరిపిడి తగ్గుతుంది. డ్రైవరు మరింత గట్టిగా తొక్కుతాడు, వేడి మరింత పెరుగుతుంది, పట్టు మరింత జారుతుంది. మర్నాడు పేపర్లో ‘బ్రేకులు ఫెయిలై లారీ బోల్తా’ అని వస్తుంది. ఇలాంటి చాలా ప్రమాదాల్లో కొండ ఎక్కేటప్పుడు బ్రేకుల్లో ఏ లోపమూ ఉండదు. లారీని ఆపడానికి చేసిన పరికరాన్ని పది, పన్నెండు నిమిషాల పాటు లారీని పట్టి ఉంచడానికి వాడారు, అంతే.

మరి పట్టి ఉంచాల్సింది ఎవరు? ఇంజినే. పెట్రోలు కారులో యాక్సిలరేటరు వదిలేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. గాలి వచ్చే దారిలో ఉండే థ్రాటిల్ అనే మూత మూసుకుపోవడంతో పిస్టన్లు దాదాపు గాలి లేని గొట్టంలోంచి గాలిని లాగడానికి తంటాలు పడతాయి. ఆ తంటాయే బ్రేకుగా పనిచేస్తుంది. మామూలు డీజిల్ ఇంజిన్‌లో ఆ మూత లేదు. గాలి ఎప్పుడూ నిండుగా లోపలికి వస్తుంది. పిస్టన్ దాన్ని గట్టిగా అదుముతుంది, అందుకు శక్తి ఖర్చవుతుంది. కానీ మరుక్షణమే అదిమిన గాలి స్ప్రింగులా వ్యాకోచించి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. తీసుకున్నది దాదాపు అంతా తిరిగిచ్చేస్తుంది. కాబట్టి వాలులో డీజిల్ ఇంజిన్ సొంతంగా పట్టేది తక్కువే.

కంపెనీ బాధ్యతల నుంచి తప్పుకొని కాలిఫోర్నియాలో ఉంటున్న కమిన్స్‌కు 1957లో దారి దొరికింది. గాలిని అదమనిచ్చి, అది తిరిగి నెట్టేలోపు ఎగ్జాస్ట్ వాల్వును తెరిచేస్తే? శ్రమ ఇంజిన్‌ది, ఫలం పొగగొట్టం పాలు. శక్తినిచ్చే యంత్రం కాసేపు శక్తిని తినే గాలి కంప్రెసరుగా మారిపోతుంది. చిక్కల్లా సమయంతోనే. పిస్టన్ పైకొసకు చేరే క్షణానికి కొద్దిగా ముందే వాల్వు తెరుచుకోవాలి. ఆ క్షణాన్ని చెప్పే భాగం ఇంజిన్‌లో ఏముంది?

ఉందని కమిన్స్‌కు తట్టింది. ఆయన ఇంజిన్లలో ఒక్కో సిలిండరుకు మూడు క్యాములు, అంటే తిరుగుతూ మీటలను కదిపే గుబ్బలు, ఉండేవి. ఒకటి గాలి వచ్చే వాల్వులకు, రెండోది పొగ పోయే వాల్వులకు, మూడోది ఇంధనం చిమ్మే ఇంజెక్టరుకు. ఇంధనం చిమ్మాల్సింది కూడా సరిగ్గా పిస్టన్ పైకొసకు చేరే వేళే. వాలు దిగేటప్పుడు ఇంధనం ఆగిపోతుంది, కానీ ఇంజెక్టరును కదిపే మీట మాత్రం ఖాళీగా ఆడుతూనే ఉంటుంది. ఆ కదలికను ఇంజిన్ ఆయిల్ ద్వారా ఒక చిన్న పిస్టన్ నుంచి మరో చిన్న పిస్టన్‌కు అందించి, దానితో ఎగ్జాస్ట్ వాల్వులను నొక్కించాడు. ఇంజిన్‌లో కొత్తగా క్యాము చెక్కాల్సిన పని లేదు. డ్రైవరు స్విచ్చి వేస్తే ఆయిల్ ఆ దారిలోకి వస్తుంది, తీస్తే పోతుంది.

ఇంజిన్ల తయారీదారులు మొదట ముందుకు రాలేదు. డ్రిల్లింగ్ మిషన్ల చక్‌లకు పేరుపడ్డ కనెక్టికట్‌లోని జేకబ్స్ కంపెనీ ఆ పని చేపట్టి, 1961లో ఇంజిన్ బ్రేకును మార్కెట్లోకి తెచ్చింది. పేటెంటు 1965లో వచ్చింది. 1968లో కమిన్స్ కన్నుమూశాడు. జేకబ్స్ కంపెనీ పేరు మీదుగా లారీ డ్రైవర్లు ఆ ఇంజిన్ బ్రేకును ‘జేక్ బ్రేక్’ అన్నారు, ఆ పేరే నిలిచింది. 2022లో జేకబ్స్ ఇంజిన్ బ్రేకుల వ్యాపారాన్ని కమిన్స్ కంపెనీయే కొనుక్కుంది.

జేక్ బ్రేక్ గురించి తెలియని వాళ్లకు కూడా దీని చప్పుడు తెలుసు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 100 సార్లు అదిమిన గాలి ఒక్కసారిగా బయటపడుతుంది. సైలెన్సరు బాగుంటే సద్దు అణుగుతుంది, లేకపోతే మరతుపాకీ పేలినట్టుంటుంది. అందుకే అమెరికాలో చాలా ఊళ్ల పొలిమేరల్లో ‘ఇంజిన్ బ్రేకు వాడరాదు’ అన్న బోర్డులు కనిపిస్తాయి.

మన లారీలకు ఎక్కువగా పరిచయమున్నది దీని బంధువు, ఎగ్జాస్ట్ బ్రేకు. పొగగొట్టంలో ఒక రేకు మూత అడ్డుపడి పొగను బయటికి పోనివ్వదు, పిస్టన్లు ఆ ఒత్తిడికి ఎదురు నెట్టాల్సి వస్తుంది. చవక, చప్పుడు తక్కువ, బలమూ తక్కువే. మూత మరీ బిగిస్తే ఆ ఒత్తిడికి వాల్వులే తెరుచుకుంటాయి కాబట్టి దీని బలానికి హద్దుంది. గేరుబాక్సు వెనక బిగించే రిటార్డర్లు మరో రకం. కొన్ని నూనెను చిలికి, కొన్ని అయస్కాంతాలతో వేగాన్ని వేడిగా మారుస్తాయి.

ఏ రకమైనా, దాన్ని వాడే తీరు దాని నిర్మాణంలోంచే వస్తుంది. ఇంజిన్ బ్రేకు బలం సెకనుకు ఎన్నిసార్లు గాలిని వదులుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. పై గేరులో 1,200 చుట్ల దగ్గర అది సెకనుకు 60 సార్లే. పైగా చుట్లు తగ్గితే టర్బో పంపే గాలీ తగ్గుతుంది. అంటే స్విచ్చి సగమే పని చేస్తుంది, మిగతా సగం గేరుదే. కింది గేరులో చుట్లు ఎక్కువగా ఉంచాలి, అయితే డయల్ మీది ఎర్రగీత దాటనివ్వకూడదు. వాలులో బరువు తోస్తుంటే ఇంజిన్ తన హద్దు మించి తిరిగి వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదముంది.

ఆ గేరు ఎప్పుడు వేయాలి? దిగుడు మొదలుకాకముందే. సగం వాలులో వేగం పెరిగాక కింది గేరుకు మార్చబోతే, న్యూట్రల్‌లోకి వచ్చిన గేరు మళ్లీ పడకపోవచ్చు. పళ్ల చక్రాల వేగాలు కలవవు. అప్పటికి ఇంజిన్ పట్టు పూర్తిగా పోయి, 40 టన్నులూ డ్రమ్ముల మీదే పడతాయి. క్లచ్ తొక్కి ఉంచినా ఇంతే. చక్రాలకూ ఇంజిన్‌కూ సంబంధం తెగితే ఇంజిన్ బ్రేకు ఉన్నా లేనట్టే. ఎక్కిన గేరులోనే దిగమనేది పాతకాలపు సూత్రం. ఇప్పటి ఇంజిన్లకు బలం ఎక్కువ, లారీల ఒళ్లు నునుపు. అందుకని ఎక్కినదానికన్నా కింది గేరే మేలు.

వేగం తగ్గిస్తే ఏమొస్తుందో కూడా లెక్కే చెబుతుంది. 6 శాతం వాలులో 40 టన్నుల లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే సుమారు 350 హార్స్‌పవర్‌ను ఎవరో ఒకరు మింగాలి. 20 కిలోమీటర్లతో దిగితే 175 చాలు. మొత్తం వేడి అంతే, కానీ చల్లారడానికి రెట్టింపు సమయం దొరుకుతుంది. ఇప్పటి 15 లీటర్ల ఇంజిన్ బ్రేకులు గరిష్ఠంగా 600 హార్స్‌పవర్ దాకా మింగగలవు. అప్పుడిక కాలి బ్రేకుకు మిగిలేది దిద్దుబాటే. అనుకున్న వేగానికి చేరగానే గట్టిగా తొక్కి, గంటకు 8 కిలోమీటర్లు తగ్గాక పూర్తిగా వదిలేయాలి. మళ్లీ పెరిగితే మళ్లీ తొక్కాలి. కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములకు చల్లారే వ్యవధే ఉండదు.

ఒకచోట మాత్రం ఇంజిన్ బ్రేకును ఆపేయాలి. అది ఇంజిన్ తిప్పే చక్రాల మీదే పనిచేస్తుంది. తడి రోడ్డు మీద, అందునా ఖాళీ ట్రైలరుతో వెళ్తున్నప్పుడు, ఆ చక్రాలు జారితే వెనకనుంచి ట్రైలరు నెట్టి బండి మధ్యకు మడత పడుతుంది. వాన పడుతుంటే స్విచ్చి తీసేసి, ఇంకా కింది గేరులో, ఇంకా నెమ్మదిగా దిగడమే దారి.

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి వెళ్లే 44వ జాతీయ రహదారి తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో తొప్పూరు ఘాట్ దిగుతుంది. లారీ ప్రమాదాలకు ఆ వాలు పేరుమోసింది. అక్కడ పోలీసులు పదేపదే చెప్పే మాట, న్యూట్రల్‌లో దిగవద్దని. డీజిల్ మిగులుతుందన్న ఆశ డ్రైవర్లది. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్ల విషయంలో ఆ ఆశ తలకిందులు. గేరులో దిగుతుంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కాబట్టి కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపేసి దిగితే మరీ ప్రమాదం, బ్రేకులకు గాలి కొట్టే కంప్రెసరు కూడా ఆగిపోతుంది.

ఇప్పుడు విద్యుత్ లారీలు వస్తున్నాయి. వాలు దిగుతుంటే వాటి మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. కమిన్స్ పొగగొట్టం పాలు చేసిన శక్తి ఇక్కడ చేతికొస్తుంది. కానీ కొండపైన చార్జింగు పూర్తిచేసుకొని బయలుదేరిన లారీ బ్యాటరీలో ఖాళీ ఎక్కడిది? అప్పుడు మోటారు పట్టు సన్నగిల్లుతుంది. దానికోసం కొన్ని లారీల్లో ఆ కరెంటును వేడిగా మార్చి వదిలేసే రెసిస్టర్లు పెడుతున్నారు. కాబట్టి కొండమీద లోడు ఎక్కించుకునే విద్యుత్ లారీ డ్రైవరు కూడా బయలుదేరే ముందే ఆలోచించాలి. కింది గేరుకు బదులు, బ్యాటరీలో కొంత చోటు మిగుల్చుకోవాలి.