పట్టా లేని పరిశోధకులు

గోదావరిలో పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఉంది. నిన్నటిదాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. వానలు దంచికొట్టి మట్టి కోసుకుపోయినప్పుడల్లా ఊరి పాటిగడ్డ మీద పాత నాణేలు తేలేవి. 1970లలో వాటిని ఓపికగా పోగుచేసింది చరిత్ర ఆచార్యుడు కాదు, ఒక పోస్ట్‌మాస్టర్. పేరు సంగనభట్ల నరహరి శర్మ. ఆయన వాటిని శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముందు పెట్టారు. శాస్త్రి చదివి చూస్తే కొన్నింటి మీద శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుడి పేరు బయటపడింది.

అప్పటిదాకా సిముకుడంటే పురాణాల రాజవంశ పట్టికల్లో ఒక పేరు, మహారాష్ట్రలోని నానాఘాట్ గుహలో శిల్పం పక్కన చెక్కిన మరో పేరు. అంతే. ఆయన నాణెం గోదావరి ఒడ్డున దొరకడంతో శాతవాహనులు ఎక్కడ మొదలయ్యారన్న చర్చ తెలంగాణ వైపు తిరిగింది. గోబద, నారన, సమగోప వంటి స్థానిక పాలకుల పేర్లూ ఈ నాణేల వల్లే చరిత్రకెక్కాయి. తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఆ తర్వాత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు వచ్చి ఆ నేలలో కొంత భాగాన్ని ముంచాయి.

ఇందులో పరిశోధకుడు ఎవరు? అక్షరాలు చదివిన శాస్త్రి నిస్సందేహంగా పరిశోధకుడే. మరి ఏ నాణెం పారేయదగిందో, ఏది దాచదగిందో ఏళ్ల తరబడి తేల్చుకుంటూ వచ్చిన పోస్ట్‌మాస్టర్? వాన వెలిసిన తర్వాత ఏ గట్టు కింద చూడాలో ఎరిగిన ఊరివాళ్లు? విశ్వవిద్యాలయాల పాత లెక్కలో వీళ్లు సమాచారం ఇచ్చినవాళ్లు మాత్రమే. మహా అయితే పుస్తకం మొదట్లో కృతజ్ఞతల పేజీలో ఒక వరస దక్కుతుంది. ఈ లెక్క తప్పని, జ్ఞానం ఉన్న మనిషినీ దాన్ని రాసుకునే మనిషినీ పై మెట్టు, కింది మెట్టు మీద నిలబెట్టకూడదని వాదించే ఆలోచనలు ఇప్పుడు ప్రపంచమంతటా బలపడుతున్నాయి. వాటిని పుస్తకాల్లో చదువుకోవచ్చు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అయితే కళ్లారా చూడవచ్చు.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల సంగతే తీసుకుందాం. గోండి మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 30 లక్షల మంది. అయినా చదువుకున్నవాళ్లలో చాలామంది అది లిపి లేని భాష అనుకుంటూ వచ్చారు. గుంజాల ఇళ్లలో మాత్రం చేతిరాత ప్రతులు భద్రంగా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో అక్కడికి చేరేసరికి ఆ ప్రతులు సుమారు డజను, వాటిని చదవగలిగిన పెద్దలు పట్టుమని నలుగురైదుగురు. ఇంకొక తరం గడిచి ఉంటే కాగితాలు మిగిలినా చదివే గొంతు మిగిలేది కాదు. ప్రతుల్లో పాతవి 1750 ప్రాంతానివని అంచనా వేశారు. వాటిలో చంద్రాపూర్ గోండు రాజుల ముచ్చట్లున్నాయి, రాంజీ గోండు తిరుగుబాటు ఉంది, రోజుల పేర్లు, నెలల పేర్లు, అంకెలు, జ్యోతిషం ఉన్నాయి.

ఈ లిపిలో హల్లుల వరుస చూడండి. మనకు అలవాటైన వర్ణమాల ‘క’తో మొదలవుతుంది. సంస్కృత వ్యాకరణం నేర్పిన వరుస అది: గొంతులో పుట్టే ధ్వనులు ముందు, పెదవుల మీద పుట్టేవి వెనుక. గుంజాల పెద్దలు చెప్పే వరుసలో అచ్చుల తర్వాత య, వ, బ, భ, మ వస్తాయి, ఆ తర్వాతే క. ‘ప’ అయితే దాదాపు చివరికి వెళ్లిపోయింది. దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పండితులు తమకు తెలిసిన క్రమంలోకి సర్దేసి ఉండవచ్చు, పని తేలికయ్యేది. అలా సర్దలేదు. అన్షుమన్ పాండే తదితరుల కృషితో 2018 జూన్‌లో విడుదలైన యూనికోడ్ 11.0లో ‘గుంజాల గోండి’ చేరినప్పుడు, అంతర్జాతీయ పట్టికలోనూ హల్లులు ‘య’ తోనే మొదలయ్యాయి. గూడెం పెద్దల వరుసను ప్రపంచ ప్రమాణం ఒప్పుకుంది.

ఇది చిన్న సంగతి కాదు. పలక మీద ఏ అక్షరం ముందు దిద్దాలన్నది కూడా ఒక జ్ఞానమేనని, దాన్ని మార్చే హక్కు బయటివాళ్లకు లేదని ఒప్పుకోవడమిది. న్యూజిలాండ్‌లోని మావొరి విదుషి లిండా తుహివాయి స్మిత్ 1999లో రాసిన ‘డీకాలనైజింగ్ మెథడాలజీస్’ వాదించింది సరిగ్గా ఇదే. పరిశోధన పేరుతో వచ్చినవాళ్లు ఆదివాసుల దగ్గర కథలు, కొలతలు, మొక్కలు పట్టుకుపోయారనీ, ప్రశ్న ఏమిటో నిర్ణయించే అధికారం మాత్రం ఎన్నడూ వాళ్లకు ఇవ్వలేదనీ ఆమె అంటారు. అంతకు మూడు దశాబ్దాల ముందే బ్రెజిల్‌కు చెందిన పాలో ఫ్రెయిరే చదువు గురించి ఇలాంటి మాటే చెప్పాడు. నేర్చుకునేవాడు ఖాళీ పాత్ర కాదు, తనదైన ఎరుకతోనే బడికి వస్తాడని.

ఆదిలాబాద్‌లో ఈ కథకు ఒక పాత అధ్యాయం ఉంది. దాన్ని పూర్తిగా మెచ్చుకోవడమూ కష్టమే, తోసిపుచ్చడమూ కష్టమే.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్. దాంతో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ సంస్థానం ఆయనకు ఆశ్రయమూ అయ్యింది, హద్దూ అయ్యింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నిజాం బలగాల చేతిలో నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం సర్కారుకు వచ్చింది. ఆ అవసరం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు తెచ్చింది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు, గోండి నేర్చుకున్నాడు. మొదలైంది సర్కారు అవసరంతోనే, కానీ పని అక్కడ ఆగలేదు.

1943లో మార్లవాయిలో మొదలైన గోండు విద్యా పథకం నేటికీ గుర్తుపెట్టుకోదగింది. చదువు చెప్పడానికి పట్నం నుంచి పంతుళ్లను తేలేదు. కాస్తో కూస్తో మరాఠీ చదవడం వచ్చిన గోండు యువకులనే పోగుచేసి శిక్షణ ఇచ్చారు. గోండి మాటలను దేవనాగరి లిపిలో అచ్చువేసి వాచకాలు తయారుచేశారు. పిల్లవాడు ఇంట్లో విన్న మాటే బడి పుస్తకంలో కనబడేలా చేశారు. భూముల పట్టాలు ఇప్పించడంలోనూ, కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు జనం దగ్గరికే వచ్చి మొర వినే దర్బారును మొదలుపెట్టడంలోనూ హైమన్‌డార్ఫ్ చేయి ఉంది. దర్బారు ఇప్పటికీ జరుగుతోంది.

ఇక రెండో వైపు. ‘రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో అచ్చయింది. అందులోని పురాణ గాథలకు మూలం ప్రధానుల గొంతు. కిక్రి వాయిస్తూ గోండు వంశాల పుట్టుపూర్వోత్తరాలు పాడేవాళ్లు ప్రధానులు. వాళ్ల ఇంటి భాష మరాఠీ, పాడేది గోండిలో. తమ పోషకుల చరిత్రను, తమది కాని భాషలో, తరాల తరబడి కంఠస్థం చేసి నిలిపినవాళ్లు. ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఇంతకు మించిన విద్వత్తు ఏముంటుంది? అయినా ఆ పుస్తకం అట్ట మీద ఏ ప్రధాన్ పేరూ లేదు. అచ్చయింది ఇంగ్లీషులో. మార్లవాయిలో చదవగలవాళ్లు లేరు. ఇది హైమన్‌డార్ఫ్ ఒక్కడి లోపం కాదు, ఆ కాలపు విద్యారంగం అలాగే నడిచింది. కానీ లోపం లోపమే.

ఆయన ఒక పని మాత్రం చేశాడు, అది చాలామంది పరిశోధకులు చేయనిది. తిరిగి వచ్చాడు. 1970ల చివర్లో పాత గూడేలన్నీ మళ్లీ తిరిగి, తాను చూస్తుండగా పట్టాలు అందుకున్న కుటుంబాల భూములు వలస వచ్చినవాళ్ల చేతుల్లోకి ఎలా జారిపోయాయో 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’లో రాశాడు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది. ఆయన అస్థికలు కూడా తర్వాత అక్కడికే చేరాయి. ఏటా జనవరి 11న ఊరు వర్ధంతి జరుపుతుంది.

కుమ్రం భీం చరిత్ర మనకు అందిన దారి ఇంకొకటి. అది డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంగా రాలేదు, నవలగా వచ్చింది. సాహు, కరీంనగర్ ప్రాంతపు రచయిత అల్లం రాజయ్య కలిసి గూడేలు తిరిగి, భీంను ఎరిగినవాళ్ల నోటి మాటలు విని, 1983లో ‘కొమురం భీం’ రాశారు. తెలుగు పాఠకలోకం భీంను ఆ పుస్తకంతోనే దగ్గరగా చూసింది. భీం మరణించిన ఇంగ్లీషు తేదీ విషయంలో రాతలు ఒకదానికొకటి పొసగవు. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే వర్ధంతి. కాగితం తడబడిన చోట జనం తిథిని పట్టుకుని నిలబడ్డారు.

అలాగని నోటి మాటంతా నిజమే అనుకుంటే అదీ పొరపాటే. గుంజాల ప్రతుల్లో ఆరో, ఏడో శతాబ్దాల్లో బర్మాతో వ్యాపారం సాగిందన్న ప్రస్తావన ఉంది. ప్రతుల్లో పాతవే పద్దెనిమిదో శతాబ్దానివి. వెయ్యేళ్ల దూరం నుంచి వచ్చిన ఆ మాటను వేరే ఆధారాలతో పోల్చి చూడవలసిందే. రాజుల ప్రశస్తి శాసనాలను ఎలా పరీక్షిస్తామో అలాగే. గూడెం మాటను పరీక్షించదగినంత బరువైన ఆధారంగా తీసుకోవడమే దానికి అసలైన మర్యాద. ముచ్చటపడి పొగిడి పక్కన పెట్టేయడంలో ఆ మర్యాద లేదు.

డబ్బు, హక్కుల ప్రశ్న ఇంకా పదునైంది. దక్షిణాఫ్రికాలో సాన్ జాతి వేటగాళ్లు ఆకలి తెలియకుండా హూడియా అనే ముళ్ల మొక్కను నమిలేవారు. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 1990లలో ఆ గుణం మీద పేటెంట్ తీసుకుంది, సాన్‌లను అడగకుండానే. గొడవ జరిగి 2003లో లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది. 2017లో సాన్‌లు పరిశోధకుల కోసం తామే ఒక నియమావళి రాసి విడుదల చేశారు. రెండేళ్లకు, 2019లో, ‘కేర్’ సూత్రాలు వచ్చాయి. ఆదివాసుల సమాచారం వాడితే మేలు ఆ సముదాయమంతటికీ చేరాలి, దాని మీద అదుపు వాళ్లకుండాలి, వాడినవాళ్లు బాధ్యత వహించాలి, నీతి తప్పకూడదు అన్నది వాటి సారం. ఆదిలాబాద్‌లో వేర్లు, ఆకులతో మందు ఇచ్చే కొలాం, నాయక్‌పోడ్ పెద్దల దగ్గరికి రికార్డర్ పట్టుకుని వెళ్లే ప్రతి విద్యార్థికీ ఈ నాలుగు మాటలు ముందే నేర్పాలి.

పనిముట్లు మారుతున్నాయి. పలు రాష్ట్రాల గోండులు ఏళ్ల తరబడి కలిసి కూర్చుని, ఒక్కో ప్రాంతపు మాటా వింటూ తయారుచేసిన ఉమ్మడి గోండి నిఘంటువు 2018లో వెలువడింది. అందులో సమాచారం ఇచ్చినవాళ్లూ వాళ్లే, సంపాదకులూ వాళ్లే. ఆదిలాబాద్‌కు చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ కృత్రిమ మేధ సాయంతో కొలామీలో పాట కట్టారు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆయన ప్రస్తావన వచ్చింది. గోండి ఎనిమిదో షెడ్యూలులో ఇప్పటికీ లేదు. ఏ లిపిలో నేర్పాలన్న చర్చా తెగలేదు. దేవనాగరి ఉంది, తెలుగు ఉంది, 1918లో బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్ సింగ్ మసరాం రూపొందించిన లిపి ఉంది, గుంజాల ఉంది. ఈ చర్చ గోండులు తేల్చుకోవలసింది. దాన్ని తొందరపెట్టే పని పట్నం వాళ్లది కాదు.

ఈలోగా చేయదగిన పని ఒకటి కళ్లెదుటే ఉంది. హైమన్‌డార్ఫ్ 1940లలో తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ సంస్థలో ఉన్నాయి. ఫొటోలను డిజిటల్ రూపంలోకి మార్చారు కాబట్టి ఇంటర్నెట్‌లో చూడవచ్చు. వాటిలో మార్లవాయి మనుషులున్నారు, పండుగలున్నాయి, కిక్రి పట్టుకున్న చేతులున్నాయి. ఆ ముఖాల్లో కొన్నింటినైనా పేరు పెట్టి, వంశం చెప్పి, ఏ ఇంటివాళ్లో చూపగలవాళ్లు మార్లవాయి, జైనూర్ చుట్టుపక్కలే ఉంటారు. దీనికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక రికార్డర్, పెద్దల పక్కన కూర్చునే తీరిక ఉన్న ముగ్గురు నలుగురు గోండు విద్యార్థులు చాలు. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయమో, ఉట్నూరు ఐటీడీఏనో వాళ్లకు రెండేళ్ల ఫెలోషిప్ ఇచ్చి, పేర్లు చెప్పిన పెద్దలను సహ పరిశోధకులుగా అచ్చు పుస్తకం అట్ట మీదే వేయాలి.